ఇంటి పన్నులో ఎనిమిది పైసలు: ఒక వార్డు లైబ్రరీ నిధుల కేస్ స్టడీ

ఇంటి పన్ను రసీదు మీద గ్రంథాలయ సెస్సు అని ఒక గడి ఉంటుంది. పన్ను రూపాయికి 8 పైసలు. ఏడాదికి 3,000 రూపాయల పన్ను కట్టే ఇల్లు, దాని మీద 240 రూపాయలు లైబ్రరీ కోసం కడుతుంది. ఈ సొమ్మును మున్సిపాలిటీ పన్నుతో పాటే వసూలు చేసి జిల్లా గ్రంథాలయ సంస్థకు జమ చేయాలి. 1960 నాటి పౌర గ్రంథాలయాల చట్టం చెప్పేది ఇదే. తెలంగాణలోనూ ఆంధ్రప్రదేశ్‌లోనూ ఇదే పద్ధతి. వసూలు మాత్రం క్రమం తప్పకుండా జరుగుతుంది, జమ చాలా ఊళ్లలో జరగదు.

ఉత్తర తెలంగాణలోని ఒక పాత మున్సిపాలిటీలో ఆ జమ కోసం ఒక వార్డు వాళ్లు ఎలా పోరాడారో ఇక్కడ రాస్తున్నాను. కాలనీ సంఘాలకు, మహిళా సంఘాలకు మున్సిపల్ బడ్జెట్ చదవడం, సమాచార హక్కు దరఖాస్తులు రాయడం నేర్పడం నా పని. ఈ కేసులో మొదటి నుంచీ వాళ్లతో ఉన్నాను. ఊరి పేరు, మనుషుల పేర్లు రాయడం లేదు. ఆ ఆఫీసుల్లో మాకు సాయపడిన చిన్న ఉద్యోగులు ఇంకా అక్కడే పనిచేస్తున్నారు.

మడిగెల ప్రతిపాదన

శాఖా గ్రంథాలయం మెయిన్ రోడ్డు మీద, బస్టాండుకు దగ్గర్లో ఉంది. పాత స్లాబు, వానాకాలంలో ఒక మూల కారుతుంది. గ్రంథపాలకుడు రిటైరయ్యాక ఆ పోస్టులోకి ఎవరూ రాలేదు. అవుట్‌సోర్సింగ్ మీద ఉన్న ఒకాయన వచ్చి తలుపులు తీసి, మూసి వెళ్తాడు. బిల్లు రాక ఏజెంటు దినపత్రికలు ఆపేశాడు. అయినా హాలు ఎప్పుడూ నిండే ఉంటుంది. గ్రూప్స్, కానిస్టేబుల్, డీఎస్సీ పరీక్షలకు చదివే పిల్లలు పొద్దున్నే వస్తారు. పుస్తకాలు, టిఫిన్ బాక్సు, నీళ్ల సీసా ఇంటి నుంచే తెచ్చుకుంటారు, కొందరైతే ప్లాస్టిక్ కుర్చీ కూడా. అద్దె గదిలో నలుగురితో ఉండే పిల్లాడికీ, బీడీలు చుట్టే ఇంట్లో ఒక్క గదే ఉన్న అమ్మాయికీ చదువుకోవడానికి ఊళ్లో ఇంకో చోటు లేదు. ఆడపిల్లలకు టాయిలెట్ లేకపోవడం పెద్ద ఇబ్బంది. చాలామంది మధ్యాహ్నానికే ఇంటికి వెళ్లిపోయేవాళ్లు.

అలాంటి సమయంలో కౌన్సిల్ ఎజెండాలో ఒక అంశం కనబడింది: శిథిలావస్థలో ఉన్న గ్రంథాలయ భవనాన్ని తొలగించి, ఆ స్థలంలో వాణిజ్య సముదాయం నిర్మించుట. కింద మడిగెలు, అంటే అద్దెకిచ్చే దుకాణాలు, పైన ఒక గది లైబ్రరీకి. ఆ వార్డు కౌన్సిలర్ మొదటిసారి గెలిచిన మహిళ. ఎజెండా కాపీని ఫోటో తీసి కాలనీ వాట్సాప్ గ్రూపులో పెట్టింది ఆవిడే. ఆ పని చేయకపోతే అంశం నిమిషంలో పాసయ్యేది, ఊరికి తెలిసేలోపు టెండరు పిలిచేవాళ్లు.

కౌన్సిల్‌కు మడిగెల మీద ఆశ ఎందుకో కూడా అర్థం చేసుకోవాలి. చిన్న మున్సిపాలిటీకి సొంతంగా ఖర్చు పెట్టుకునే డబ్బు చాలా తక్కువ. అప్పటి 15వ ఆర్థిక సంఘం గ్రాంటులో 60 శాతం తాగునీటికీ పారిశుధ్యానికీ ముడిపెట్టి వచ్చేది. 2019 మున్సిపాలిటీల చట్టం ప్రకారం బడ్జెట్‌లో 10 శాతం పచ్చదనానికి పెట్టాలి. జీతాలు, కరెంటు బిల్లులు ఎలాగూ తప్పవు. అడ్వాన్సు తెచ్చి, నెలనెలా అద్దె ఇచ్చే మడిగెలంటే ఏ చైర్మన్‌కైనా ఊపిరి పీల్చుకున్నట్టుంటుంది. కౌన్సిల్ వాళ్లను దొంగలుగా చూస్తూ మొదలుపెట్టే ఉద్యమాలకు ఈ సంగతి కనబడదు. అందుకే అవి ఎదుటివాళ్ల ఇబ్బందిని తాకకుండానే ఆగిపోతాయని నా నమ్మకం.

రెండు ఆఫీసులు, రెండు లెక్కలు

మొదటి మీటింగులో అందరూ ధర్నా అన్నారు. ఎమ్మెల్యేకు వినతిపత్రం ఇద్దామని కొందరు, ప్రెస్‌మీట్ పెడదామని కొందరు. నేను అడిగింది ఒకటే: ముందు డబ్బు సంగతి తేల్చుకుందాం. భవనం శిథిలమైందని వాళ్లు అంటున్నారు. బాగు చేయడానికి రావాల్సిన సొమ్ము ఎక్కడ ఆగిందో మన చేతిలో కాగితం ఉంటే ఆ మాట వాళ్ల మీదికే తిరుగుతుంది.

సమాచార హక్కు చట్టం కింద రెండు దరఖాస్తులు వేశాం. మున్సిపాలిటీని గత ఐదేళ్లలో సెస్సు డిమాండు (అంటే జనం కట్టాల్సిన మొత్తం), వసూలు, బకాయి ఎంతో, జిల్లా సంస్థకు ఏ తేదీన ఎంత జమ చేశారో అడిగాం. జిల్లా గ్రంథాలయ సంస్థను అదే ఐదేళ్లలో ఆ మున్సిపాలిటీ నుంచి ఎంత వచ్చిందో, రావాల్సినది ఎంతో అడిగాం. ఒకే ప్రశ్నను ఇచ్చేవాళ్లనూ తీసుకునేవాళ్లనూ అడగాలన్నది ఈ పనిలో నేను ఎప్పుడూ వదలని పద్ధతి. సంస్థ జవాబు గడువులోనే వచ్చింది. మున్సిపాలిటీ 30 రోజులు దాటించింది, మొదటి అప్పీలు వేశాకే కదిలింది.

రెండు లెక్కలూ కలవలేదు. సంస్థ మొత్తం డిమాండు మీద 8 శాతం లెక్కగట్టి బకాయి చూపింది. మున్సిపాలిటీ నిజంగా వసూలైన పన్ను మీదే లెక్కగట్టింది. ఏప్రిల్‌లో ముందుగా కట్టేవాళ్లకు ఇచ్చే 5 శాతం రాయితీని కూడా అందులోంచి తీసేసింది. భవనం ఉన్నది మున్సిపల్ స్థలంలో కాబట్టి దాని కింద కొంత మినహాయించుకోవాలని ఒక పాత నోటు కూడా ఫైల్లో ఉంది. పెద్ద అంకె మీద పట్టుబడదామని యువకులు అన్నారు. మున్సిపాలిటీ స్వయంగా ఒప్పుకున్న చిన్న అంకెనే పట్టుకుందామని నేను అన్నాను. వాళ్ల సంతకంతో, వాళ్ల రిజిస్టర్ నుంచి వచ్చిన అంకెను వాళ్లే కాదనలేరు. తేడా సంగతి రెండు ఆఫీసులూ కూర్చుని తేల్చుకోవచ్చు.

ఫైల్లో దొరికిన ఇంకో సంగతి నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది. సంస్థ కార్యదర్శి బకాయి కట్టమని ఏటా మున్సిపాలిటీకి లేఖ రాస్తున్నారు. లేఖ అందినట్టు ముద్ర ఉంది, జవాబు మాత్రం లేదు. ఆడిట్ నివేదికలో కూడా సెస్సు జమ కాలేదన్న అభ్యంతరం ఏడాది తర్వాత ఏడాది అదే వాక్యంతో నమోదవుతోంది. అంటే ఈ సంగతి అందరికీ తెలుసు. మరి ఎందుకు కదలలేదు? గ్రంథాలయ సంస్థ చైర్మన్‌ను ప్రభుత్వం నామినేట్ చేస్తుంది. ఆ సమయంలో ఆయనా, మున్సిపల్ చైర్మనూ ఒకే పార్టీలో ఉన్నారు. సొంత పార్టీ మున్సిపాలిటీని బకాయి కోసం గట్టిగా నిలదీస్తే పై నుంచి మాట వస్తుందని ఆయన భయం. ప్రతిపక్షం వాళ్లు లైబ్రరీని ఓట్లు తెచ్చే విషయంగా చూడలేదు. రోడ్డూ డ్రైనేజీ లేని వార్డులో లైబ్రరీ గురించి మాట్లాడితే జనం నవ్వుతారని ఒక కౌన్సిలర్ నాతోనే అన్నారు.

ఆ మాట మన ప్రాంత చరిత్రకు సరిపోదు. 1901లో హైదరాబాద్‌లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం, 1904లో హనుమకొండలో రాజరాజనరేంద్రాంధ్ర భాషా నిలయం పుట్టినప్పుడు జనం నవ్వలేదు, చందాలిచ్చారు. 1914లో బెజవాడలో చిలకమర్తి లక్ష్మీనరసింహం అధ్యక్షతన మొదటి ఆంధ్రదేశ గ్రంథాలయ మహాసభ జరిగింది. అయ్యంకి వెంకటరమణయ్య లాంటివాళ్లు జీవితమంతా ఈ పనికే ఇచ్చారు. చందాల మీద నడిచే సంస్థ ఎప్పుడైనా ఆగిపోవచ్చన్న అనుభవం నుంచే, పన్నులో భాగంగా నిలకడగా డబ్బు వచ్చే చట్టం కావాలన్న డిమాండు బలపడింది. 1948 మద్రాసు చట్టం, 1955 హైదరాబాద్ చట్టం, ఆ రెండింటి స్థానంలో 1960 చట్టం అలా వచ్చాయి. సెస్సు వెనక ఇంత కథ ఉంది. మీటింగుల్లో ఇది చెబితే ముసలివాళ్ల కంటే కుర్రాళ్లే ఎక్కువ శ్రద్ధగా విన్నారు.

రసీదుల జిరాక్సులు

ఫిబ్రవరి, మార్చి నెలల్లో బిల్ కలెక్టర్లు, వార్డు ఆఫీసర్లు పన్ను వసూలు కోసం గడప గడపకూ తిరుగుతారు. బడ్జెట్ సమావేశమూ ఆ రోజుల్లోనే. మేం ఎంచుకున్న సమయం అది. మహిళా సంఘాల వాళ్లు ఇంటింటికీ వెళ్లి, పన్ను రసీదు తీయించి, సెస్సు గడి చుట్టూ ఎర్ర పెన్నుతో సున్నా చుట్టి, జిరాక్సు తీసి తెచ్చారు. సంతకాల సేకరణ కంటే ఇది బలమైనదని నా అభిప్రాయం. సంతకం ఎవరైనా పెడతారు. రసీదు ఇచ్చిన మనిషి తను డబ్బు కట్టానని రుజువు చూపిస్తున్నాడు.

ఒక బీడీ కార్మికురాలు రసీదు చేతికిచ్చి అడిగింది: "నా ఇంటిపన్నుల గీ పైసలు గూడ ఉన్నయా? నాకు సదువు రాదు గని నా మనుమరాలు రోజు ఆడికే పోతది. మరి గా పైసలు ఎటువోయినయ్ బిడ్డా?" ఆ చివరి ప్రశ్నే మా కరపత్రానికి శీర్షిక అయింది. దాని కింద మున్సిపాలిటీ ఇచ్చిన అంకె, ఆడిట్ వాక్యం, అంతే. ఎవరి పేరూ లేదు, ఏ పార్టీ మీదా మాట లేదు.

మడిగెల విషయం ఒక్క వార్డుది. సెస్సు మాత్రం అన్ని వార్డుల వాళ్లూ కట్టారు. కాబట్టి పిల్లలు తమ తమ వార్డుల్లోంచి కూడా రసీదులు తెచ్చారు. హాలులో చదివేవాళ్లలో సగానికి పైగా వేరే వార్డుల వాళ్లేనని అప్పుడే కౌన్సిలర్లకు తెలిసింది. కౌన్సిల్‌లో మెజారిటీ కావాలంటే ఇది లేకుండా కుదిరేది కాదు. మున్సిపాలిటీల చట్టం ప్రకారం ప్రతి వార్డుకు యువత, మహిళలు, సీనియర్ సిటిజన్లు, ప్రముఖులతో 15 మంది చొప్పున నాలుగు కమిటీలు ఉండాలి. ఆ ఊళ్లో అవి కాగితం మీదే ఉన్నాయి. జాబితా తెప్పించి చూస్తే తాము కమిటీ సభ్యులమని కొందరికి తెలియనే తెలియదు. వాళ్లను వెతికి పట్టుకుని వార్డు కమిటీ తరఫునే లేఖ ఇప్పించాం. కాలనీ సంఘం లేఖను పక్కన పెట్టవచ్చు. చట్టంలో ఉన్న కమిటీ లేఖకు ఇన్‌వర్డ్ నంబరు వేసి జవాబు రాయాలి.

"కార్మికుల జీతం ఆపమంటారా?"

మొత్తం కేసులో అన్నిటికంటే కష్టమైన ఘట్టం ఇది, కొంచెం వివరంగా రాస్తాను.

కరపత్రం ఊళ్లో తిరిగాక మున్సిపల్ చైర్మన్ విలేకరుల ముందు ఒక మాట అన్నారు: "చెత్త ఎత్తే కార్మికుల జీతం ఆపి పేపర్ల బిల్లు కట్టమంటారా?" మరుసటి రోజు పేపర్లో అదే హెడ్డింగు. మా గ్రూపులో టెన్షన్ మొదలైంది. ఆ మాటలో కొంత నిజం ఉంది కూడా. అకౌంట్స్ విభాగంలో ఒక ఉద్యోగి నాకు ముందే వివరించారు: పన్ను, సెస్సు అన్నీ ఒకే ఖాతాలో పడతాయి. నెల మొదట్లో అందులోంచి జీతాలు, కరెంటు, డీజిల్ పోతాయి. మిగిలితే కదా జమ చేయడానికి అని. ఎవరూ జేబులో వేసుకోలేదు. లైబ్రరీకి కట్టిన డబ్బు అలవాటుగా వేరే అవసరానికి పోతోంది.

మా వాళ్లలో కొందరు ఎదురుదాడి చేద్దామన్నారు. అవసరానికి మించి కార్మికులను పెట్టుకున్నారని, సగం మంది కౌన్సిలర్ల మనుషులేనని రాద్దామన్నారు. నేను గట్టిగా వద్దన్నాను. పొద్దున నాలుగున్నరకు చీపురు పట్టే మనిషిని లైబ్రరీకి శత్రువుగా నిలబెడితే మనం గెలిచినా ఊరు ఓడుతుంది. పైగా అది అబద్ధం. ఆ ఊళ్లో కార్మికులు చాలక చెత్త బండి రెండు రోజులకోసారి వస్తోంది.

తెల్లవారుజామున హాజరు వేసే మస్టర్ పాయింట్ దగ్గరికి వెళ్లాం. వాళ్లు మొదట మాట్లాడలేదు. తమ జీతం మీద కన్నేసిన వాళ్లమనుకున్నారు. రసీదులు చూపించి మెల్లగా లెక్క చెప్పాం. పన్ను, సెస్సు కలిపి వసూలయ్యే ప్రతి 108 రూపాయల్లో సెస్సు 8 రూపాయలు. మీ జీతాలు ఆలస్యం అవుతున్నది ఆ 8 రూపాయల వల్ల కాదు, వసూలు కాని పన్ను వల్ల. డిమాండు, వసూలు, బకాయి రాసే డీసీబీ రిజిస్టర్‌లో బకాయి కాలమ్ చూడండి. పెద్ద కమర్షియల్ భవనాలు, కొన్ని ప్రభుత్వ ఆఫీసులు ఏళ్లుగా పన్ను కట్టలేదు. అప్పుడు ఒక పారిశుధ్య జవాను ముందుకొచ్చి, తన కొడుకు కానిస్టేబుల్ పరీక్షకు ఆ లైబ్రరీలోనే చదువుతున్నాడని చెప్పాడు. మరొకామె పీఎఫ్ జమ కావడం లేదని, దాని గురించి కూడా అడగాలని అంది.

ఆ తర్వాత ఇచ్చిన వినతిపత్రం ఉమ్మడిది. జీతాలు, పీఎఫ్ నెల మొదటి వారంలో జనరల్ ఫండ్ నుంచి ఇవ్వాలి. సెస్సును వేరే ఖాతాలో వేయాలి. పెద్ద బకాయిదారుల నుంచి పన్ను వసూలు చేయాలి. ఈ మూడు కోరికల కింద కార్మికులూ, పాఠకులూ సంతకాలు చేశారు. బకాయిదారుల జాబితాను పత్రికలకు ఇవ్వలేదు. పేర్లు బయటికొస్తే అది వ్యక్తుల గొడవగా మారి, లైబ్రరీ సంగతి కిందికి పోతుందని ముందే అనుకున్నాం. కౌన్సిల్‌కు మాత్రమే ఇచ్చాం. జీతాలకు పోటీగా లైబ్రరీని నిలబెట్టే మాట ఆ తర్వాత మళ్లీ వినబడలేదు.

తీర్మానంలో ఏం రాశారు

బడ్జెట్ సమావేశంలో మడిగెల అంశం వాయిదా పడింది. సెస్సు మీద తీర్మానం పెడతామన్నారు. మొదటి ముసాయిదాలో గ్రంథాలయ సంస్థకు చెల్లింపుల విషయమై తగు చర్యలు తీసుకొనుట అని ఉంది. ఇలాంటి తీర్మానాలు ప్రతి మున్సిపాలిటీ మినిట్స్ పుస్తకంలో బోలెడు ఉంటాయి. తీర్మానం పాసైందని స్వీట్లు పంచుకునే దగ్గరే చాలా ఉద్యమాలు ముగుస్తాయి. మా కౌన్సిలర్ చేత సవరణ పెట్టించాం: ముందు నెలలో వసూలైన సెస్సును ప్రతి నెలా 10వ తేదీలోగా సంస్థ ఖాతాకు జమ చేయాలి, పాత బకాయిని వాయిదాల్లో కట్టాలి, జమ వివరాలను ప్రతి సాధారణ సమావేశం ఎజెండాతో పాటు సభ్యులకు ఇవ్వాలి. కమిషనర్ దీన్ని వ్యతిరేకించలేదు. ఆడిట్ అభ్యంతరానికి ఏటా జవాబు రాసే బాధ ఆయనకూ తప్పుతుంది.

చైర్మన్‌ను ఒప్పించింది మాత్రం వేరే సంగతి. ఓడిపోయినట్టు కనబడకుండా ఆయనకు ఒక దారి కావాలి. మొదటి చెక్కును మున్సిపల్ చైర్మన్ గ్రంథాలయ సంస్థ చైర్మన్‌కు లైబ్రరీ హాల్లోనే అందించేలా కార్యక్రమం పెడదామని మేమే అన్నాం. ఫ్లెక్సీ మీద వాళ్ల బొమ్మలే ఉన్నాయి. మా యువకుల్లో ఇద్దరు ముగ్గురు అలిగి ఆ రోజు రాలేదు. వాళ్ల కోపం నాకు అర్థమైంది. కానీ చెక్కు మీద సంతకం చేసే అధికారం ఉన్న మనిషి సంతోషంగా సంతకం పెడితే వచ్చే నెలా పెడతాడు. మనకు కావాల్సింది వచ్చే నెల చెక్కు కూడా.

విరాళాల మీద విభేదం

మధ్యలో ఒక వ్యాపారి ముందుకొచ్చి పేపర్ల బిల్లు, కరెంటు బిల్లు తనే కడతానన్నాడు. మంచి మనసుతోనే అన్నాడు. చాలామందికి సంతోషమైంది. రోజువారీ ఖర్చుకు విరాళం తీసుకోవద్దని నేను వాదించాను. ఒకసారి దాత కడితే, మున్సిపాలిటీకీ సంస్థకూ ఆ ఖర్చు తమది కాదన్న ధైర్యం వస్తుంది. దాతకు వీలు కాని నెల ఎవరిని అడగాలి? పుస్తకాలు, బీరువాలు, ఫ్యాన్లు ఇస్తే తీసుకుందాం, బిల్లులు మాత్రం సెస్సు నుంచే కట్టాలి అన్నాను. రిటైర్డ్ టీచర్ ఒకాయన ఒప్పుకోలేదు. పిల్లలు నోటిఫికేషన్ల కోసం ఫోన్ల మీద ఆధారపడుతుంటే మీ సిద్ధాంతం కోసం నెలలు ఆగాలా అన్నారు. తన పెన్షన్ నుంచి రెండు పేపర్లు వేయించడం మొదలుపెట్టారు. ఆయనను ఎవరూ ఆపలేదు, ఆపకూడదు కూడా. వ్యాపారి చివరికి కుర్చీలు, బల్లలు ఇచ్చాడు.

ఇప్పటి పరిస్థితి

నెలవారీ జమ మొదలయ్యాక దినపత్రికలు, పోటీ పరీక్షల మాసపత్రికలు వచ్చాయి. సంస్థ సాయంత్రం వేళ పొడిగించింది, ఆ వేళ కోసం ఇంకో మనిషిని పెట్టింది. ఆడపిల్లలకు టాయిలెట్ కట్టారు. మొదట కట్టాల్సింది అదేనని అమ్మాయిలు పట్టుబట్టడం వల్ల స్లాబు మరమ్మతు వెనక్కి జరిగింది. వాళ్ల నిర్ణయమే సరైనదని నేను అనుకుంటున్నాను. పాత బకాయిలో ఒక వాయిదా కట్టారు, మిగతాది కదల్లేదు. రెండు లెక్కల మధ్య తేడా ఇంకా తేలలేదు.

2025 జనవరిలో తెలంగాణలోని చాలా మున్సిపాలిటీల్లో పాలకవర్గాల గడువు ముగిసి ప్రత్యేకాధికారుల పాలన వచ్చింది. ఇక్కడా అంతే. కౌన్సిల్ సమావేశాలు లేకపోవడంతో ఎజెండాతో పాటు జమ వివరాలు ఇచ్చే ఏర్పాటు ఆగింది. దాంతో పాటే జమ కూడా తప్పడం మొదలైంది. మహిళా సంఘాల వాళ్లు కలెక్టరేట్‌లో సోమవారం అర్జీలు తీసుకునే ప్రజావాణికి వెళ్లి, తీర్మానం కాపీ, పాత జమ రసీదులు జతచేసి, స్థానిక సంస్థలు చూసే అదనపు కలెక్టర్‌కు అర్జీ ఇచ్చారు. ఆగిన నెలలవి కలిపి జమ అయ్యాయి. ఈసారి నేను వాళ్లతో వెళ్లలేదు. అర్జీ రాసింది ఆ హాల్లో చదువుకునే అమ్మాయే.

మడిగెల ఫైలు మూసేయలేదు, వాయిదాలోనే ఉంది. స్లాబు మరమ్మతు అంచనా ఇంజినీరింగ్ విభాగం దగ్గర ఉంది. భవనం పనికిరాదని రాస్తారా, మరమ్మతు చేస్తే నిలబడుతుందని రాస్తారా అన్నదాని మీద మడిగెల ఫైలు మళ్లీ పైకి రావడం ఆధారపడి ఉంటుంది. ఆ అంచనా కాపీ కోసం వార్డు కమిటీ దరఖాస్తు వేసింది. ప్రతి మూడు నెలలకోసారి సెస్సు లెక్క అడిగే బాధ్యత ఇద్దరికి అప్పగించారు. ఒకరు ఆ రిటైర్డ్ టీచర్, ఇంకొకరు కొడుకును కానిస్టేబుల్ పరీక్షకు పంపిన ఆ పారిశుధ్య జవాను.